పంపుకు ఒడిబియ్యం

కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంటు నీళ్ల పంపు చెడిపోయి మూడు రోజులైంది. నాలుగంతస్తుల జనానికి మూడు రోజులు నీళ్లు లేకపోతే అసోసియేషన్ కార్యదర్శి బతుకు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ కార్యదర్శిని నేనే. లిఫ్టు ఎక్కడం మానేసి, ఎవరికీ ఎదురుపడకుండా మెట్ల మీదుగా తిరుగుతున్నాను.

నాలుగో రోజు పొద్దున ట్రాలీ ఆటోలో కొత్త పంపు వచ్చింది. చెక్కపెట్టె పక్కకు ఒక ప్లాస్టిక్ సంచి అంటించి ఉంది. అందులో గుప్పెడు పసుపు కలిపిన బియ్యం, ఒక మడిచిన చీటీ. వాచ్‌మన్ చూసి, "ఏదో పూజ చేసిన్రు సార్, తీసి పారేయాల్నా?" అని చెయ్యి చాపాడు. నేను ఆ చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, పాపం, ఏదో తప్పు చేసినవాడిలా బిక్కమొహం వేశాడు.

ఆ బియ్యం సంగతి ఈ అపార్ట్‌మెంటు మొత్తంలో నా ఒక్కడికే తెలుసు. ఒకప్పుడు ఆ బియ్యం మీద విచారణ జరిపి, ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టే కాగితం తయారుచేసింది నేనే.

ఆ మనిషి పేరు రాయను. ఫ్యాక్టరీలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవగా వినలేదు. అందరికీ అక్క. ఆమె కన్నా పెద్దవాడైన ప్లాంట్ మేనేజరుకు కూడా అక్కే. జోగిపేట దగ్గరి పల్లెలో సేద్యం ఇంటి మనిషి. పటాన్‌చెరులో మా పంపుల ఫ్యాక్టరీకి ఇనుప పొట్టు ఊడ్చే పనికి వచ్చి, నేను చేరేనాటికి అసెంబ్లీ సెక్షన్ పెద్ద అయి కూర్చుంది. షాఫ్టుకు బేరింగులు ఎక్కించడం దగ్గర్నించి, నీళ్లతో పరీక్ష చేసి, పెట్టెలో పెట్టి మేకులు కొట్టేదాకా అంతా ఆమె రాజ్యమే.

చీర మీద ఖాకీ కోటు. దవడలో ఎప్పుడూ ఒక వక్క ముక్క. కాళ్లకు సేఫ్టీ బూట్లు, అవి కూడా ఒక సైజు పెద్దవి. ఎందుకంటే అసలు సైజువి వేసుకుంటే మెట్టెలు నొక్కుతాయి, మెట్టెలు తియ్యమంటే ఆమె తియ్యదు. అందుకని నడిచినప్పుడల్లా ఆ బూట్లు టపటపమనేవి. ఆ చప్పుడు వినగానే సెక్షన్‌లో కబుర్లు ఆగిపోయేవి. నేను కొత్తలో దాన్ని భయం అనుకున్నాను. కొంత భయమే, కానీ మిగతాది వేరే.

పంపు తయారయ్యాక ఆమె దగ్గరికి వెళ్లి, బనియన్ గుడ్డతో అరచెయ్యి తుడుచుకుని, షాఫ్టు కొసను పట్టుకుని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పేది. తిప్పేటప్పుడు కళ్లు మూసుకునేది, వక్క నమలడం ఆపేది. తర్వాత కళ్లు తెరిచి, "ఎవరి చెయ్యి ఇది?" అని అడిగేది.

ఇంతే. ఇది తిట్టా, మెచ్చుకోలా అన్నది ఆ మాట తర్వాత తెలిసేది. తిట్టయితే పంపు మళ్లీ విప్పించేది. మెచ్చుకోలైతే ఏమీ అనేది కాదు, "ఊ" అని పక్క పంపుకు పోయేది. ఆ ఊ కోసం పదకొండు మంది మనుషులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెమటోడ్చేవాళ్లు. నేను కళ్లారా చూశాను. యాదమ్మ అనే ఆమె మూడు సార్లు విప్పిన పంపుకు నాలుగోసారి ఊ రాగానే, మొహం చీర కొంగుతో తుడుచుకునే నెపంతో ఏడవడం కూడా చూశాను. ఒక్క మంచి మాట అంటే ఏం పోతుందని అక్కను అడిగితే, "మంచిగున్నదని పంపుకు తెలుసు, ఆమెకు తెలుసు. నడుమ నేనెందుకు సార్" అంది. మొండిమనిషి. నాకు ఒళ్లు మండేది.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో పనికి వచ్చి స్థిరపడ్డాడు. నేను ఎంబీఏ చదివి ఈ పంపుల ఫ్యాక్టరీలో పర్సనెల్ ఆఫీసరుగా చేరాను. చేరిన రెండో నెలలో క్యాంటీన్ గోడ మీద ప్రొజెక్టర్ వేసి, మనిషి ఎందుకు పనిచేస్తాడన్న విషయాన్ని పనిచేసేవాళ్లకే బోధించడానికి నిలబడ్డాను.

మొదటి బొమ్మ త్రిభుజం. అడుగున తిండి, నిద్ర. దాని మీద భద్రత. దాని మీద నావాళ్లనే తోడు. ఆపైన గౌరవం. కొసన, తనలో ఉన్నదంతా బయటికి తెచ్చుకున్న తృప్తి. కింది మెట్టు నిండితేనే మనిషి చూపు పై మెట్టు మీద పడుతుందని చెప్పాను. పరీక్షలో ఈ బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని కాబట్టి గొంతులో కాస్త గొప్ప కూడా పలికి ఉంటుంది.

వెనక బెంచీ నుంచి అక్క లేచింది. "సార్, గా బొమ్మ మా బతుకమ్మ లెక్కుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఒక్కటి అడుగుత. కడుపు నిండినంకనే మీది మెట్టు అంటున్నవ్ గదా. మా అవ్వ తొమ్మిది వరసల బతుకమ్మ పేర్చేది. పొద్దుగాల పువ్వు తెచ్చిన కాడికెల్లి పేర్చి లేచేదాంక మంచినీళ్లు గూడ ముట్టకపోయేది. ఊరందరి బతుకమ్మలల్ల మాదే ఎత్తుండాలె, గదే ఆమె పట్టు. మరి మా అవ్వ ఏ మెట్టు మీదున్నట్టు సార్?"

పరీక్షలో ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ రాలేదు. గబగబా రెండో బొమ్మకు పోయాను. ఫ్యాను, తాగునీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి లాంటివి లేకపోతే జనం తిట్టుకుంటారు గానీ, అవి ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదని చెప్పే సిద్ధాంతం అది.

"గిది నిజం సార్," అంది అక్క, ఈసారి కూచునే. "ఫ్యాను చెమట ఆరవెడతది. చేతులను ఉరికియ్యది."

"మరి చేతులు దేనితో ఉరుకుతాయక్కా?"

"గది చదువుకున్నోళ్లు మీరు చెప్పాలె" అని వక్క బుగ్గన పెట్టుకుంది. అప్పటికి సభ ముగిసింది.

నేను ఊరుకోలేదు. ప్లాంట్ మేనేజర్ దగ్గర నా పేరు నిలబడాలి కదా. బెల్లమూ బెత్తమూ పద్ధతిలో బెత్తం తీసేసి బెల్లం మాత్రం ఉంచాను. ఒక పంపు పరీక్షలో నెగ్గితే కూర్చినవాళ్లకు ఒక చుక్క. ఏ నంబరు పంపుకు ఎవరికి చుక్క అన్నది రిజిస్టరులో రాయాలి. నెలకు ఎక్కువ చుక్కలు వచ్చినవాళ్ల ఫొటో రంగుల్లో తీసి సెక్షన్ గుమ్మం పక్కన బోర్డు మీద పెడతాం, ఒక ప్రెషర్ కుక్కర్ ఇస్తాం. మొదటి నెల ఫొటో శంకర్‌ది. చురుకైన మనిషి, సంగారెడ్డి నుంచి బండి మీద వచ్చేవాడు. రెండో నెలా శంకర్‌దే. పంపుల లెక్క పెరిగింది. మేనేజర్ నా భుజం తట్టాడు. నేను ఆ బోర్డు ముందు ఆగి ఆగి నడిచేవాణ్ని.

నాకు కనపడనివి కొన్ని ఉన్నాయి. అంతకుముందు బేరింగు బిగుసుకుంటే పక్కవాళ్లు వచ్చి ఒక చెయ్యి వేసేవాళ్లు. చుక్కలు వచ్చాక ఎవరి బల్ల వాళ్లది. నీళ్ల పరీక్షలో నెగ్గితే చాలు, పంపు అక్క చెయ్యి పడకుండానే పెట్టెలోకి పోతోంది. టీ కూడా ఎవరికి వాళ్లు తాగేసి లేస్తున్నారు. అక్క నాలుగైదు సార్లు నా గదికి వచ్చి, "సార్, గా చుక్కలు ఆపు. చేతులు చెడిపోతున్నయ్" అంది. అసూయ అనుకున్నాను. చుక్కలు ఆమెకు రావు కాబట్టి అలా అంటోందని మేనేజర్‌తో అన్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. సరుకు లారీ ఎక్కి వెళ్లిన నాలుగో రోజు నుంచి నా గది తలుపు దగ్గర నిలబడి, "బిడ్డ ముట్టిందా సార్?" అని అడిగేది. బిడ్డ అంటే పంపు. కొన్నవాళ్లకు ఫోన్ చేసి కనుక్కుని చెప్పేదాకా కదిలేది కాదు. చేరిందని చెబితే, "మంచిగ దింపుకున్నరా?" అని ఇంకో ప్రశ్న. నా పని ఇదేనా అని విసుక్కునేవాణ్ని.

అప్పటిదాకా మా పంపులు చుట్టుపక్కల దుకాణాలకే ఎక్కువగా పోయేవి. ఆ ఏడు మొదటిసారి ఉత్తరాది నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది, తాగునీటి పథకానికి. మొదటి విడత పంపిన మూడు వారాలకు ఒక ఫిర్యాదు వచ్చింది. అందులో రెండు సంగతులు. ఒకటి, కొన్ని పంపులు అతుకుల దగ్గర కారుతున్నాయి. రెండు, ప్రతి పంపు నోటి మూత తీసి చూస్తే లోపల పసుపు రంగు బియ్యపు గింజలు ఉన్నాయి. వారం రోజుల్లో మా ఇంజనీరు వచ్చి మీ ఫ్యాక్టరీ చూస్తాడు, తృప్తిగా లేకపోతే మిగతా ఆర్డరు రద్దు అని చివరన రాశారు.

మేనేజర్ ఆ కాగితం నా బల్ల మీద పడేశాడు. "కారడానికి కారణం వెతకాలంటే నెల పడుతుంది. బియ్యానికి ఒక పేరు చాలు. ఆ పేరు నాకు కావాలి. ఆయన వెళ్లేలోగా ఆ మనిషి గేటు బయట ఉండాలి" అన్నాడు.

నేను విచారణకు కూచున్నాను. ముందు యాదమ్మను పిలిచాను. "నేనే ఏసిన సార్" అంది. తర్వాత బీహారు నుంచి వచ్చిన మనోజ్‌ను పిలిచాను. "మైనే డాలా సార్" అన్నాడు. మూడో మనిషి, నాలుగో మనిషి, అందరిదీ అదే పాట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అని సామెత. ఇక్కడ సామెత తిరగబడి, అందరూ రొయ్యలు తిన్నది నేనేనంటున్నారు. శంకర్ ఒక్కడు తల వంచుకుని, "నాకేం తెల్వది సార్" అన్నాడు.

చివరికి అక్క వచ్చింది. కూచోమంటే కూచోలేదు.

"వాళ్లనెందుకు పరేషాన్ చేస్తవ్ సార్. ఏసింది నేను. ఏయమన్నది నేను. రాసుకో."

"ఎందుకక్కా? పంపులో బియ్యం ఏమిటి?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "మీ దిక్కు లేదా? బిడ్డ తల్లిగారింటి కాడికెల్లి అత్తగారింటికి పోయేటప్పుడు ఒడిల బియ్యం పొయ్యరా? పసుపు వెట్టి, ఐదు దోసిళ్లు? గా బియ్యం వాళ్లింట్ల వండి నలుగురికి వెడతరు. అగో, వీళ్ల బిడ్డ ఒట్టిగ రాలే, వెనుక మంది ఉన్నరు అని తెలుస్తది."

"అది ఆడపిల్లకు అక్కా. ఇది ఇనుము."

"పదకొండు మందిమి చేతులు గాయం జేసుకుని తయారు జేస్తున్నం. లారీ ఎక్కినంక మల్ల మొకం సూడం. ఎక్కడుంటదో, ఎవరు తిప్పుతరో తెల్వది. గట్లాంటిదాన్ని ఒట్టి ఒడితోని ఎట్ల పంపుత సార్? ఒడిల గింజలు ఏసేది ఉన్నదంటే, ఏసేటోని చెయ్యి ముందే జాగ్రత్తగుంటది. పాడు పిల్లను తయారుజేసి బియ్యం పొయ్యనీకి ఎవనికి మనసొస్తది?"

నేను రాయడం ఆపేశాను. చేతులు దేనితో ఉరుకుతాయని నేను క్యాంటీన్‌లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్ని నెలలకు నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. తీరా వస్తే, దాన్ని నేరం ఒప్పుకోలు కింద రాసుకోవలసిన పని నాది.

"కానీ గింజలు పంపు లోపల వెయ్యడం తప్పు కదక్కా" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"తప్పే. మూతి కాడ ఐదు గింజలే గదా, మొదటి నీళ్లల్ల కొట్టుకపోతయ్ అనుకున్న. వాళ్లు మూత ఇప్పి సూస్తరని తెల్వది. తప్పుకు తల వంచుత సార్. రివాజుకు వంచ."

ఆ మాట రాసుకున్నాను. దాని కింద ఆమె సంతకం చేసింది. ఒక్కొక్క అక్షరాన్ని నట్టు బిగించినట్టు బిగించి రాసింది. మేనేజర్ చెప్పినట్టే తొలగింపు ఉత్తర్వు తయారైంది. మందమైన కాగితం, ఫ్యాక్టరీ ముద్ర, ఆమె పేరు. ఇంజనీరు కళ్లెదుటే ఇవ్వాలని, అప్పుడే మన చిత్తశుద్ధి తెలుస్తుందని మేనేజర్ ముచ్చట. రెండు రోజులు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను. పిరికివాణ్ని, ఒప్పుకుంటున్నాను. ఉద్యోగం కొత్త, ఇంటి అప్పు కొత్త.

ఇంజనీరు వచ్చాడు. నెరిసిన మీసం, తక్కువ మాటలు, బీహారు మనిషి. సెక్షన్ అంతా తిరిగి, కారిన పంపుల నంబర్లు చదివి, "వీటిని ఎవరు కూర్చారు?" అని హిందీలో అడిగాడు. మేనేజర్ చిటికె వేశాడు. నేను చుక్కల రిజిస్టరు తెచ్చాను. ఏ పంపు ఎవరిదో అందులో ఉందని మేనేజర్ గర్వంగా చెప్పాడు.

అప్పుడు టపటపమని బూట్ల చప్పుడు. "గా బుక్కు నమ్మకు సాబ్" అంది అక్క.

మేనేజర్ మొహం ఎర్రబడింది. మనోజ్ ఆమె మాటలు హిందీలో చెబుతుంటే, ఇంజనీరు మాత్రం ఆమె వైపు తిరిగాడు. "మరి నేను దేన్ని నమ్మాలి?"

"నా చెయ్యి."

పరీక్ష పెట్టమంది ఆమే. లారీకి సిద్ధంగా పన్నెండు పంపులు బారుగా ఉన్నాయి. ఇంజనీరు తన చేత్తోనే వాటి నంబరు పలకల మీద టేపు అంటించాడు. అక్కను బయటికి పంపి, మనోజ్ చేత, ఇంకో మనిషి చేత వాటిని అటూ ఇటూ మార్పించాడు. సెక్షన్ జనమంతా గోడవార నిలబడ్డారు. రిజిస్టరు నా చేతిలో. తొలగింపు కాగితం నా జేబులో. ఆమె ఒక్క పంపు దగ్గర తడబడితే చాలు, ఆ కాగితం బయటికి రావాలి. తడబడకూడదని నేను మొక్కుకోవడం మొదలుపెట్టాను. కాగితం రాసినవాడే మొక్కుకోవడం ఎంత సిగ్గులేని పని.

అక్క అరచెయ్యి తుడుచుకుంది. మొదటి షాఫ్టు తిప్పింది. కళ్లు మూసుకుంది. "మనోజ్ చెయ్యి. బేరింగు నూనె పూసి ఎక్కిస్తడు, మెత్తగ పోతది." ఇంజనీరు టేపు తీసి నంబరు చదివాడు. నేను రిజిస్టరు చూశాను. మనోజే.

రెండోది. "నర్సమ్మ." నర్సమ్మే. మూడోది, నాలుగోది, ఐదోది. నంబరు చదవడం, పేజీ తిప్పడం, అవును అనడం. నా గొంతు ఒక్కో పంపుకూ ఒక్కో మెట్టు పెరిగింది. ఆరో పంపు తిప్పి ఆమె మొహం చిట్లించింది. "శంకర్. జల్దీ జల్దీ చేసిండు. నట్లు ఎదురెదురు బిగియ్యాలె సాబ్. వీడు చుట్టూ వరసగ బిగిచ్చిండు. జల్దీ అయితది గని గాస్కెట్ ఒక దిక్కు నొక్కుకుంటది. నీ దగ్గర కారుతున్నయ్ అన్నవే, గవి గిట్లనే ఉంటయ్, ఇప్పి సూడు." ఇంజనీరు మా వైపు చూడకుండా తన పుస్తకంలో గబగబా రాసుకున్నాడు. మేనేజర్ నెల పడుతుందన్న కారణం అరనిమిషంలో దొరికింది.

ఏడో పంపు తిప్పింది. ఈసారి కళ్లు తెరవడానికి కాస్త ఆలస్యమైంది. "యాదమ్మ."

టేపు తీశారు. పేజీ తిప్పాను. శంకర్ అని ఉంది.

మేనేజర్ నా భుజం మీదుగా తొంగిచూసి, "తప్పు. శంకర్" అన్నాడు. గొంతులో సంతోషం దాగలేదు.

అక్క మళ్లీ తిప్పింది. "యాదమ్మ చెయ్యే. ఆఖరు నట్టుకు ఓ పట్టు ఎక్కువిస్తది. ఆమె భయం ఆమెది, నేను ఎన్నిసార్లు చెప్పినా మానది. నీ బుక్కు ఏమన్న చెప్పనియ్యి."

గోడవార యాదమ్మ తల ఎత్తలేదు. అంతలో శంకర్ ముందుకు వచ్చాడు. "ఆమెదే సార్. నాకు నెలాఖరుకు రెండు చుక్కలు తక్కువైనయ్. నా పేరు మీద రాసుకున్న. ఆమె సూసి ఊకుంది." అని, ఎవరూ చెప్పకుండానే గుమ్మం పక్కకు నడిచి, బోర్డు మీద తన రంగుల ఫొటోను తనే పీకి జేబులో పెట్టుకున్నాడు.

రిజిస్టరు అబద్ధం చెప్పింది, అరచెయ్యి చెప్పలేదు. మిగతా ఐదు పంపులూ తిప్పనక్కర్లేదని ఇంజనీరు అన్నా అక్క వినలేదు. పన్నెండూ తిప్పింది, పన్నెండూ చెప్పింది. చివరి పేరు సరిపోగానే మనోజ్ ఒక ఈల వేశాడు. దాంతో సెక్షన్ అంతా చప్పట్లు. నేను కూడా రిజిస్టరు చంకలో పెట్టుకుని చేతులు నొప్పి పుట్టేలా కొట్టాను. మేనేజర్ పక్కనే ఉన్నాడన్న సంగతి గుర్తులేదు. నా సిద్ధాంతం నా కళ్ల ముందు బోర్లా పడిన రోజు అది. అంత సంతోషం నా చదువు నాకెప్పుడూ ఇవ్వలేదు.

ఇంజనీరు చప్పట్లు ఆగనిచ్చి అడిగాడు. "బియ్యం వేసింది ఎవరు?"

"నేనే సాబ్" అంది అక్క. తర్వాత తన దక్కనీ హిందీలో, "బేటీ కు ఖాలీ గోద్ సే నై భేజ్తే" అంది, బిడ్డను ఒట్టి ఒడితో పంపరని.

ఆయన కాసేపు ఆమె పెద్ద బూట్లనే చూశాడు. "మా వైపు దీన్ని ఖోయించా అంటాం," అన్నాడు. "బియ్యం, పసుపు, గరిక. మా అక్క ప్రతిసారీ కొంగులో మూటగట్టుకుని ఏడుస్తూ బండి ఎక్కేది." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత మళ్లీ ఇంజనీరు అయిపోయాడు. లోపల గింజ కనపడితే సరుకు వెనక్కి. వేసుకోవాలంటే పెట్టె బయట, సంచిలో వేసి అతికించాలి. కూర్చినవాళ్ల పేరు అందులో చీటీ రాసి పెట్టాలి. సరుకు పంపేముందు చూసుకునే పట్టికలో ఇది కూడా ఒక అంశంగా రాయాలి, రాయకపోతే నేను ఒప్పుకోను అన్నాడు. మిగతా ఆర్డరు అలాగే ఉంచుతున్నానని కూడా అన్నాడు.

ఆ సాయంత్రమే మొదటి పెట్టెకు బియ్యం కట్టాలన్నారు. సంచి దొరకలేదు. అక్క చుట్టూ చూసి, "ఏదన్న కాయితం ఉన్నదా సార్?" అని నన్ను అడిగింది. నేను జేబులోంచి ఆ ఉత్తర్వు తీసి ఇచ్చాను. దాచడం ఇష్టంలేక, "అక్కా, ఇది మిమ్మల్ని పనిలోంచి తీసేసే కాగితం" అన్నాను.

ఆమె దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. "మంచి మందమున్నది. చినగది" అని పొట్లం కట్టింది. పసుపు బియ్యం పోసి, దారం చుట్టి, పెట్టెకు అతికించింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఊ" అంది.

ఆ ఫ్యాక్టరీలో నాకు దొరికిన బిరుదు అదొక్కటే. నా చుక్కలు ఆ నెలతో ఆగిపోయాయి. రిజిస్టరులో మిగిలిన పేజీల్లో ఏ పంపు ఎవరి చెయ్యో యాదమ్మ రాయడం మొదలుపెట్టింది, చుక్కలు లేకుండా. శంకర్‌ను తీసెయ్యాలని మేనేజర్ అంటే అక్క అడ్డం పడింది. "వాని చెయ్యి మంచిదే. చుక్కల కోసం చెడింది. నా దగ్గర ఉండనియ్యి" అని తన బల్ల పక్కనే వేసుకుంది. నాలుగు నెలలు అతని ప్రతి పంపూ విప్పించింది. అయిదో నెలలో ఒకరోజు షాఫ్టు తిప్పి, "ఎవరి చెయ్యి ఇది?" అంది. శంకర్ బిక్కుబిక్కుమంటూ "నాదే అక్కా" అన్నాడు. ఊ అని ముందుకు పోయింది. శంకర్ ఆ రోజు సెక్షన్ అందరికీ మిర్చీలు తెప్పించాడు.

నేను తర్వాత వేరే ఉద్యోగానికి మారాను. అక్క రిటైరై ఊరికి పోయింది. పోయిన వానాకాలం ఆమె కాలం చేసిందని ఎవరో ఫోన్‌లో చెప్పారు. తీరా వెళ్లేసరికి పదో రోజు కూడా దాటింది. వాళ్ల ఇంటి గూట్లో ఆ పెద్ద బూట్లు తుడిచి పెట్టి ఉన్నాయి. వాటి పక్కన నిలబడి వచ్చేశాను.

ఇదిగో, ఇప్పుడు ఈ పెట్టె. ఇన్నేళ్ల తర్వాత, ఆమె లేకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా, పసుపు బియ్యం నా గుమ్మానికి వచ్చింది. సంచి విప్పి చీటీ చూశాను. పేరు శంకర్ అని ఉంది.

ప్లంబర్ పంపు దించాక, బిగించనివ్వకుండా ఆపి, నా అరచెయ్యి లుంగీకి తుడుచుకుని షాఫ్టు తిప్పాను. కళ్లు కూడా మూసుకున్నాను. నాకేం తెలుస్తుంది, మెత్తగా తిరిగిందని తప్ప. నట్ల చుట్టూ వేలు పెట్టి చూశాను. "సార్, గట్లేం సూస్తున్నరు?" అన్నాడు ప్లంబర్. ఇక బిగించమని పక్కకు జరిగాను.

మధ్యాహ్నానికి నీళ్లు వచ్చాయి. నాలుగంతస్తుల్లోనూ కుళాయిలు ఒక్కసారి తుమ్మి, దగ్గి, పారాయి. మా ఆవిడ ఆ గుప్పెడు బియ్యాన్ని మా బియ్యంలో కలిపి వండింది. ప్లంబర్‌కూ వాచ్‌మన్‌కూ విస్తరి వేశాం. మూడు రోజులుగా నన్ను తిట్టుకుంటున్న ఎదురింటాయనను కూడా పిలిచి కూచోబెట్టాను. ఈ అన్నం ఏమిటని ఆయన అడిగితే, ఇంటికి కోడలు వచ్చిందని చెప్పాను.

తింటుండగా ఫోన్ మోగింది. బిల్లు మీద రాసిన నంబరు చూసి చేసినట్టున్నారు. "సార్, ఫ్యాక్టరీ అసెంబ్లీ కెల్లి మాట్లాడుతున్న. పంపు ముట్టిందా?"

గొంతు ఆనవాలు పట్టాను. నా నోటి నుంచి ఎప్పుడూ రాని మాట దానంతటదే వచ్చింది. "ముట్టింది శంకర్. బిడ్డ మంచిగున్నది. ఒడిబియ్యం వండుకున్నం, నలుగురం కూసోని తింటున్నం."

అటువైపు మిషన్ల చప్పుడులో శంకర్ ఫోన్ పక్కకు పెట్టి సెక్షన్ వైపు తిరిగి కేకేయడం వినపడింది. "ఏయ్, ఇనుండ్రి. బిడ్డ ముట్టిందంట."